పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజన్‌లో గలగల, ఐదు నిమిషాలకి మాయం. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చా?

నిజాంపేట్_వాసి:

అందరికీ నమస్కారం. ముందు బండి వివరాలు చెప్తాను. 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, 2016 మోడల్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. మా నాన్నగారు కొన్న బండి. ఆయన రిటైరై ఊరెళ్ళిపోయాక రెండేళ్ళుగా నేనే నడుపుతున్నాను.

సమస్య ఏంటంటే, పొద్దున సెల్లార్‌లో సెల్ఫ్ కొట్టగానే ఇంజన్‌లోంచి గలగలమని శబ్దం వస్తోంది, స్టీలు గిన్నెలో నాలుగు గులకరాళ్ళు వేసి ఊపితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. తర్వాత అది కొంచెం తగ్గి టక్ టక్ టక్ మని మోగుతూ ఉంటుంది, గేటు దాటి బాచుపల్లి రోడ్డెక్కి ఓ ఐదు నిమిషాలు నడిపేసరికి పూర్తిగా పోతుంది. ఇంక రోజంతా ఏమీ ఉండదు. పికప్ బాగుంది, పొగ లేదు, మైలేజ్ మాత్రం లీటరుకి ఒక కిలోమీటరు తగ్గినట్టుంది. నవంబర్‌లో చలి మొదలైనప్పుడు గమనించాను, ఈ పది రోజుల్లో బాగా ఎక్కువైంది, పైఫ్లోర్ వాళ్ళు కూడా "మీ బండికేమైంది" అని అడిగారు.

ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఇంటి దగ్గర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బానెట్ ఎత్తి విని ట్యాపెట్ (వాల్వ్‌లని నొక్కే భాగం) సౌండ్, హెడ్ కవర్ (ఇంజన్ పైభాగం మూత) విప్పాలి, 9 వేలు అన్నాడు. ఇంకో చోట ఫోన్‌లో వీడియో చూపిస్తే టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల వాల్వ్‌లని నడిపించే గొలుసు) లూజైంది, కిట్ మొత్తం మార్చాలి, 18 వేలు, అది తెగితే ఇంజన్ పోతుంది అన్నారు. ఆఫీసులో ఒక ఫ్రెండ్ అయితే ఇంజన్ బోర్‌కొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, పండగ లోపే అమ్మెయ్ అంటున్నాడు.

జనవరి 11న ఇద్దరు పిల్లలతో రాజమండ్రి వైపు వెళ్ళాలి. పండగ రద్దీలో పంతంగి టోల్ దగ్గర బండి ఆగిపోతే అన్న టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. 18 వేలు పెట్టలేనని కాదు, పెట్టాక కూడా శబ్దం పోకపోతే ఏం చేయాలో తెలీక అడుగుతున్నాను. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్_డ్రైవర్:

టెన్షన్ పడకు అన్నా. చలికాలంలో ఏ బండైనా పొద్దున కొంచెం అరుస్తుంది. నేను పదకొండేళ్ళుగా ట్యాక్సీ నడుపుతున్నా, డిసెంబర్‌లో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అలా వదిలేసి టీ తాగొస్తా, వచ్చేసరికి ఇంజన్ సైలెంట్ అయిపోతుంది. ఆయిల్ లెవెల్ ఒకసారి చూసుకో, తక్కువగా ఉంటే కూడా ఇలాగే మోగుతుంది. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య ఉంటే భయపడాల్సిన పని లేదు.

తార్నాక_టీచర్:

నాకు ఇంజన్ గురించి పెద్దగా తెలీదు, కానీ నా అనుభవం ఒకటి చెప్పాలి. పోయినేడాది జనవరిలో నా కారు కూడా పొద్దున స్టార్ట్ చేయగానే టకటకా కొట్టుకునేది, నేనూ ఇంజనే అనుకున్నాను. తీరా చూస్తే లోపల బ్లోయర్ ఫ్యాన్‌లో ఎండు వేపాకులు చేరాయి. మేం బండి పెట్టేది వేపచెట్టు కింద, అద్దం ముందున్న జాలీలోంచి ఆకులు లోపలికి దిగిపోతాయట. రాత్రి ఫ్యాన్ ఆన్‌లో ఉంచి తాళం తీసేస్తే పొద్దున ఇంజన్‌తో పాటే అది కూడా తిరగడం మొదలవుతుంది, అందుకే ఇంజన్‌లోంచి వచ్చినట్టు ఉంటుంది. మీరు ముందు ఫ్యాన్ పూర్తిగా ఆపేసి స్టార్ట్ చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట, దీనికి సంబంధం లేకపోయినా చెప్తున్నాను. ఈ చలికి పిల్లులు వెచ్చదనం కోసం బానెట్ లోపలికి దూరి పడుకుంటాయి. మా వీధిలో ఒక పిల్లిపిల్ల ఫ్యాన్ బెల్ట్‌లో పడింది. ఆ రోజు నుంచి నేను బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టి, కాసేపు ఆగి గానీ తాళం తిప్పను. మీరూ దయచేసి అలా చేయండి.

నిజాంపేట్_వాసి:

థాంక్యూ మేడమ్. ఫ్యాన్ ఆపి చూశాను, శబ్దం అలాగే ఉంది. బానెట్ తట్టే అలవాటు మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టాను. ఆయిల్ లెవెల్ పై గీత దగ్గరే ఉందన్నా, జూలైలోనే మార్పించాను, అప్పటి నుంచి 5 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు.

పాత_మెకానిక్:

బాబూ, నేను నాచారంలో ముప్పై ఏళ్ళు షెడ్డు నడిపాను, మోకాళ్ళు సహకరించక ఇప్పుడు మానేశాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు ఒకటే శబ్దం అనుకుంటున్నారు గానీ నాకవి రెండు అనిపిస్తున్నాయి. గలగల తగ్గి టక్ టక్ అవ్వలేదు, గలగల ఆగిపోయాక అప్పటిదాకా దాని కింద వినపడని టక్ టక్ బయటపడింది. మీరు మొదటి మెకానిక్ దగ్గరికి బండి నడుపుకుంటూ వెళ్ళి ఉంటారు, వెళ్ళేసరికి గలగల ఎప్పుడో అయిపోయింది, ఆయనకి మిగిలిన టక్ టక్ మాత్రమే వినపడింది. రెండో చోట వీడియో చూశారు, వీడియోలో మొదటి మూడు సెకన్లే గట్టిగా ఉంటాయి కాబట్టి వాళ్ళకి చైన్ కనపడింది. ఇద్దరూ మోసం చేశారని నేను అనను, ఎవరికి దొరికిన ముక్క వాళ్ళు విన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. చలికి వచ్చే శబ్దం వేరు, బండి నిలబడినందుకు వచ్చే శబ్దం వేరు. పొద్దున పూట ఇంజన్ చల్లగానూ ఉంటుంది, రాత్రంతా నిలబడీ ఉంటుంది, అందుకే ఏది దేనివల్లో మీకు అంతుపట్టదు. వాటిని విడదీయాలంటే రేపు ఆఫీసు దగ్గర బండి ఎండలో పెట్టండి, మధ్యలో కదపకండి, సాయంత్రం బయల్దేరేటప్పుడు అద్దాలు దించి, పాటలు ఆపి, సెల్ఫ్ కొట్టి వినండి. సాయంత్రం కూడా గలగల వచ్చిందంటే దానికి చలితో పని లేదు, బండి నిలబడ్డ గంటల్లో పైనుంచి ఆయిల్ కిందికి దిగిపోతోందని అర్థం. మీ ఇంజన్‌లో చైన్ ఉండేదైతే దాన్ని బిగించి పట్టుకునే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పని చేస్తుంది. ప్రెషర్ అందేదాకా చైన్ వదులుగా ఉండి కవర్‌కి, గైడ్‌కి కొట్టుకుంటుంది, అదే మీ గిన్నెలో గులకరాళ్ళ శబ్దం.

ఇంకొకటి చూడండి. స్టార్ట్ అయ్యాక మీటర్‌లో ఎర్రగా ఆయిల్ డబ్బా గుర్తు ఎప్పుడు ఆరుతోందో గమనించండి. మామూలుగా అది క్షణంలో ఆరిపోవాలి. లైట్ ఆరడం, గలగల ఆగడం ఒకేసారి జరిగితే చైన్ కిట్ సంగతి పక్కన పెట్టి ఆయిల్ ఎందుకు ఆలస్యంగా చేరుతోందో చూడాలి. నడుస్తున్నప్పుడు గానీ, ఇంజన్ వేడెక్కి ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతూ ఉన్నప్పుడు గానీ ఆ లైట్ వెలిగితే మాత్రం అక్కడే ఆపేసి లాగించుకు వెళ్ళండి, అది వేరే జబ్బు.

చైన్ నిజంగా సాగిపోయి ఉంటే సాధారణంగా ఇంజన్ వేడెక్కినా శబ్దం పూర్తిగా పోదు, రేస్ ఇచ్చి వదిలినప్పుడు మళ్ళీ గరగరమంటుంది. చాలాసార్లు చెక్ ఇంజన్ లైట్ కూడా వెలుగుతుంది, స్కానర్ పెడితే పి0016 కోడ్ కనపడుతుంది, అంటే వాల్వ్‌లని తెరిచే క్యామ్ షాఫ్ట్‌కీ, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కీ లెక్క కుదరట్లేదని. స్కానింగ్‌కి కొన్ని వందలు తీసుకుంటారు, 18 వేల పనికి ముందు ఆ కొన్ని వందలు పెట్టడం న్యాయం.

టక్ టక్ సంగతి రేపు మీరు చూసొచ్చాక చెప్తాను, అది విడిగా వినాలి.

ఉప్పల్ తమ్ముడికి ఒక మాట, ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలెయ్యడం ఇప్పటి పెట్రోల్ ఇంజన్లకి అక్కర్లేదు. అర నిమిషం చాలు, తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే త్వరగా వేడెక్కుతుంది. సెల్లార్‌లో అయితే అసలు వదలకూడదు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, పైన ఇళ్ళల్లో పిల్లలుంటారు.

కుషాయిగూడ_92:

పాత మెకానిక్ గారు చెప్పినదానికి తోడుగా ఒక ప్రశ్న. జూలైలో ఏ గ్రేడ్ ఆయిల్ పోశారు? లెవెల్ సరిగ్గా ఉండటం వేరు, గ్రేడ్ సరిగ్గా ఉండటం వేరు. 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఎలా పారుతుందో చెప్తుంది, వెనక ఉన్నది ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. చాలామంది, మన దగ్గర మంచు పడదు కదా, ముందు అంకెతో మనకేం పని అంటారు. కానీ ఆయిల్‌కి 12 డిగ్రీలు కూడా చలే. 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్ కూడా ఆ చలిలో, ఇంజన్ వేడిగా ఉన్నప్పటికంటే సుమారు ఇరవై రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే ఇంకా చిక్కగా ఉంటుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రోజులు పది లోపుకి కూడా పడిపోతుంది కదా, ఆ పొద్దున చిక్కటి ఆయిల్ హెడ్ దాకా ఎక్కాలంటే టైం పడుతుంది.

బండి పాతబడింది, చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుంది అని చాలా షెడ్లలో 20డబ్ల్యూ-50 పోసేస్తారు. వేడిగా ఉన్నప్పుడు నిజంగానే కొంచెం తగ్గుతుంది కూడా, అందుకే ఆ నమ్మకం పోదు. పొద్దున ఆ మొదటి మూడు సెకన్లలో ఏమవుతుందో చూసేవాళ్ళు తక్కువ. బిల్లు ఉంటే ఒకసారి వెతకండి.

నిజాంపేట్_వాసి:

పాత మెకానిక్ గారూ, మీకు చేతులెత్తి దండం పెట్టాలి. నిన్న చెప్పినట్టే చేశాను. పొద్దున తొమ్మిదిన్నరకి గచ్చిబౌలిలో ఆఫీసు బయట ఎండలో పెట్టి, సాయంత్రం ఆరున్నరకి తీశాను. బానెట్ మీద చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగానే ఉంది. అద్దాలు దించి సెల్ఫ్ కొట్టాను. గలగల వచ్చింది! ఇన్నాళ్ళూ రోడ్డు రొదలో, ఏసీ వేసుకుని అద్దాలెత్తి ఉండటం వల్ల నాకు తెలియనే లేదు. కానీ టక్ టక్ మాత్రం చాలా కొద్దిసేపే ఉంది, సిగ్నల్ దాకా వెళ్ళేలోపే పోయింది.

ఈ రోజు పొద్దున మా ఆవిడని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి మీటర్ మొత్తం కనపడేలా వీడియో తీయించాను, నేను బానెట్ దగ్గర నిలబడ్డాను. వీడియో పదిసార్లు చూశాను. స్టార్ట్ అయ్యాక ఆయిల్ లైట్ దాదాపు మూడు సెకన్లు వెలుగుతూనే ఉంది, అది ఆరిన క్షణమే గలగల ఆగింది, కత్తిరించినట్టు. నాకైతే ఒళ్ళు జలదరించింది, ఇన్ని రోజులు కళ్ళ ముందే ఉన్న లైట్ నేను చూడలేదు.

కుషాయిగూడ బ్రదర్, బిల్లు దొరికింది. మీరన్నట్టే 20డబ్ల్యూ-50. మాన్యువల్ తీసి చూస్తే మా బండికి 5డబ్ల్యూ-30 అని ఉంది. బిల్లులో ఆయిల్ ఫిల్టర్ పక్కన కంపెనీ పేరు కూడా లేదు, ఉత్త "ఫిల్టర్ 110" అని రాసుంది.

రాణిగంజ్_కౌంటర్:

ఆ 110 రూపాయల ఫిల్టర్ దగ్గరే ఆగండి. నేను స్పేర్స్ షాపులో పని చేస్తాను, రోజూ చూసేదే కాబట్టి చెప్తున్నా. ఫిల్టర్ లోపల, చుట్టూ ఉన్న చిన్న బెజ్జాల వెనక ఒక రబ్బరు రేకు ఉంటుంది, ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి పోకుండా ఆపేది అదే. మీ ఇంజన్‌లో ఫిల్టర్ అడ్డంగా పడుకుని ఉంటే గనక మొత్తం పని ఆ రేకు మీదే ఉంటుంది, అది సరిగ్గా మూసుకోకపోతే రాత్రికి రాత్రే ఫిల్టర్ ఖాళీ అయిపోతుంది. పొద్దున పంపు ముందు ఫిల్టర్ నింపి, తర్వాత పైకి పంపాలి.

కొనేటప్పుడు బెజ్జంలోంచి పెన్ను మొనతో ఆ రేకుని నెమ్మదిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి వెళ్ళి వదలగానే వెనక్కి రావాలి. మంచివాటిలో చాలావరకు నారింజ రంగు సిలికాన్ ఉంటుంది, వేడికి గట్టిపడదు. నల్ల రబ్బరు ఉన్నవన్నీ చెడ్డవని కాదు, కానీ నాసిరకం నల్ల రబ్బరు నాలుగు నెలలకే బిరుసెక్కుతుంది. అట్ట డబ్బా చూసి నమ్మకండి, అచ్చం అలాంటి డబ్బాలే నకిలీవి కూడా వస్తాయి, బిల్లిచ్చే చోటే తీసుకోండి.

పాత_మెకానిక్:

ఫిల్టర్ విప్పేది పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు విప్పమనండి. చేత్తో పట్టుకుని వంచితే అందులో ఎంత ఆయిల్ ఉందో తెలిసిపోతుంది. అదే మీకు సాక్ష్యం, ఇంక నా మాట కూడా నమ్మక్కర్లేదు.

ఇక టక్ టక్. అది సాయంత్రం తక్కువసేపు, పొద్దున ఎక్కువసేపు ఉంది, అంటే అది లోహం చల్లదనాన్ని బట్టి నడుస్తోంది. దీనికి ట్యాపెట్ అయ్యే అవకాశం ఉంది, పిస్టన్ అయ్యే అవకాశం ఉంది, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అంటే హెడ్ నుంచి పొగని సైలెన్సర్ వైపు తీసుకెళ్ళే పైపుల గుత్తి, దాని ప్యాకింగ్ దగ్గర లీక్ అయ్యే అవకాశం ఉంది. చెవికి ట్యాపెట్టూ మ్యానిఫోల్డ్ లీకూ ఒకేలా ఉంటాయి, ముప్పై ఏళ్ళ తర్వాత నేను కూడా ఉత్త చెవితో తేడా చెప్పలేను. ఎందుకంటే ఒక వాల్వ్ తెరుచుకునేది ఇంజన్ రెండు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి, ఒక సిలిండర్ పొగ వదిలేది కూడా రెండు చుట్లకి ఒకసారే. తాళం ఒకటే అయినప్పుడు చెవి మోసపోతుంది. చల్లటి ఇంజన్ ఐడిల్ నిమిషానికి 1200 చుట్ల దాకా ఉంటుంది కాబట్టి సెకనుకి పదిసార్లు కొడుతుంది, దాంతో మిషన్ కుట్టినట్టు ఉంటుంది.

తేడా తెలిసేది బరువు పడ్డప్పుడు. మ్యానిఫోల్డ్ లీక్ అయితే చల్లటి బండి సెల్లార్ ర్యాంప్ ఎక్కేటప్పుడు టక్ టక్ కాస్తా ఫట్ ఫట్ మని పెద్దదవుతుంది, ట్యాపెట్ అయితే పెద్దగా మారదు. ఇంకో పద్ధతి, మీటరు పొడుగు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస హెడ్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య అతుకు వెంట నెమ్మదిగా జరుపుతూ వినండి. లీక్ ఉన్న చోట గాలి చెవిలోకి కొడుతుంది. పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వినేది లోహం శబ్దానికి, పైపుతో వినేది గాలి శబ్దానికి, రెండూ ఒకటి కాదు. బెల్ట్‌కి, ఫ్యాన్‌కి చేతులు, చున్నీలు, కండువాలు దూరంగా ఉంచండి. సెల్లార్‌లో కాదు, ఆరుబయట చేయండి. అతుకు దగ్గర నల్లగా మసి చార ఉందేమో టార్చి వేసి చూడండి, చాలాసార్లు అదే చెప్పేస్తుంది.

బోర్‌కొచ్చింది అన్న ఫ్రెండ్ మాటకి అప్పుడే బండి అమ్మకండి. పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు కొంచెం చిన్నగా ఉండి సిలిండర్ గోడకి కొట్టుకోవడం నిజమే, వేడెక్కాక పోవడం కూడా నిజమే. కానీ బోర్ అయిపోతే ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్‌లో నీలం పొగ వస్తుంది. మీకు ఐదు నెలలైనా లెవెల్ పై గీత దగ్గరే ఉంది. అనుమానం తీరకపోతే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో నొక్కుడు ఎంతుందో కొలిచేది) చేయించండి, నాలుగు సిలిండర్ల మధ్య పెద్ద తేడా లేకపోతే ఆ మాట మర్చిపోండి.

డీజిల్_మనిషి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది డీజిల్ ఎస్‌యూవీ, పొద్దున మొదటి రెండు నిమిషాలు ట్రాక్టర్‌లా కొట్టుకుంటుంది, తర్వాత మామూలే. ఇదీ ఇలాంటిదేనా?

పాత_మెకానిక్:

కాదు బాబూ. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలి నొక్కుడు వేడికే డీజిల్ అంటుకోవాలి. సిలిండర్ చల్లగా ఉంటే అంటుకోవడం ఓ లిప్త ఆలస్యమై, అప్పటికి చేరిన డీజిల్ అంతా ఒక్కసారిగా మండుతుంది, ఆ దెబ్బే మీరు వినేది. ప్రతి సిలిండర్‌లో సమానంగా వస్తూ రెండు నిమిషాల్లో తగ్గితే మామూలే. తాళం తిప్పాక పసుపు రంగు స్ప్రింగ్ గుర్తు ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అవ్వగానే వణుకుతూ తెల్ల పొగ వస్తుంటే సిలిండర్‌ని ముందే వేడిచేసే గ్లో ప్లగ్ ఒకటి పోయిందేమో చూపించండి. ఎక్కువ రోజులు ఉంటే దీన్ని వేరే ప్రశ్నగా పెట్టండి, అందరూ చెప్తారు.

నిజాంపేట్_వాసి:

జనవరి 6. ఏం జరిగిందో పూర్తిగా రాస్తున్నాను, నాలాగా వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుందని.

ఆదివారం పొద్దున ఏడింటికి, స్టార్ట్ చేయకుండా, మెకానిక్‌నే మా సెల్లార్‌కి రప్పించుకున్నాను. పాత ఫిల్టర్ విప్పి స్టీలు పళ్ళెంలో వంచాడు. కష్టం మీద రెండు చెంచాలు వచ్చింది. ఆయన కూడా ఆశ్చర్యపోయాడు, మామూలుగా విప్పుతుంటేనే చేతుల మీద కారిపోతుంది సార్ అన్నాడు. రాణిగంజ్ బ్రదర్ చెప్పినట్టు పెన్నుతో ఆ రబ్బరు రేకుని నొక్కాను. కదల్లేదు. ఇంకొంచెం నొక్కితే అప్పడం విరిగినట్టు అంచు విరిగి లోపల పడింది. ఆ ముక్క కాగితంలో చుట్టి దాచాను.

బండి కంపెనీ ఫిల్టరు, 5డబ్ల్యూ-30 ఆయిల్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, కూలీ అన్నీ కలిపి 2,650 అయింది. మర్నాడు పొద్దున ఐదున్నరకి నిద్ర లేచి మరీ కిందికి వెళ్ళాను. వాచ్‌మన్ కూడా వచ్చి నిలబడ్డాడు. సెల్ఫ్ కొట్టగానే ఆయిల్ లైట్ అలా వెలిగి ఇలా ఆరిపోయింది. గలగల లేదు. ఒక్క క్షణం చిన్న గరుకు శబ్దం, అంతే. ఆ తర్వాత నాలుగు రోజులుగా అది కూడా లేదు. మా ఆవిడ పైనుంచి ఫోన్ చేసి "స్టార్ట్ చేయలేదా ఇంకా" అని అడిగింది.

అప్పుడు టక్ టక్ ఒక్కటే మిగిలి స్పష్టంగా వినపడింది. నిజంగానే ర్యాంప్ మీద పెద్దదైంది. బయట ఖాళీ స్థలంలో పెట్టి పైపుతో విన్నాను, మొదటి మూడు సిలిండర్ల దగ్గర ఏమీ లేదు, నాలుగో దాని దగ్గరకి రాగానే చెవిలో ఎవరో ఉఫ్ ఉఫ్ మని ఊదినట్టు కొట్టింది. టార్చి వేస్తే హీట్ షీల్డ్ (వేడి ఆపే రేకు) కింద బొటనవేలంత మసి మచ్చ. షీల్డ్ విప్పితే మ్యానిఫోల్డ్‌ని హెడ్‌కి పట్టి ఉంచే మరల్లో చివరిది, స్టడ్ అంటారు, విరిగిపోయి ఉంది, నట్టు లేదు, మొండెం మాత్రం హెడ్ లోపల ఉంది.

దాన్ని తీయడానికి డ్రిల్ వేస్తామని ఒకరన్నారు, హెడ్‌కి దెబ్బ తగులుతుందేమోనని భయమేసి వద్దన్నాను. కుషాయిగూడ పారిశ్రామిక వాడలో ఒక వెల్డింగ్ ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన విరిగిన మొండెం మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగ్ చుక్క పెట్టి అతికించాడు, చల్లారనిచ్చాడు, తర్వాత స్పానర్ వేసి ఇటు కాస్త అటు కాస్త ఊపుతూ తిప్పాడు. రెండుసార్లు నట్టు ఊడొచ్చింది. మూడోసారి కిర్రుమని స్టడ్ కదిలిన శబ్దం నేను జన్మలో మర్చిపోను. కొత్త స్టడ్, కొత్త ప్యాకింగ్, అందరి కూలీ కలిపి 3,200.

ఈ రోజు పొద్దున నుంచి ఇంజన్ దగ్గర చిన్న టిక్ టిక్ తప్ప ఏమీ లేదు, అది వేడెక్కాక కూడా ఉంటోంది. అది దేనిదో చెప్తే నిశ్చింతగా ఉంటాను. హెడ్ కవర్ విప్పలేదు, చైన్ ముట్టుకోలేదు, స్కానర్‌లో కోడ్ లేదు. నాన్నగారికి ఫోన్ చేసి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "బండి అమ్మొద్దురా" అన్నారు.

కుషాయిగూడ_92:

చాలా సంతోషం బ్రదర్. ఆ టిక్ టిక్ ఇంజెక్టర్లది అయ్యుంటుంది. పెట్రోల్ చల్లే సూదులు తెరుచుకుని మూసుకునే శబ్దం, అన్ని బండ్లకీ ఉంటుంది, పెద్ద శబ్దాలు పోయాక మనకి కొత్తగా వినపడుతుంది. స్క్రూడ్రైవర్ ఒక్కో ఇంజెక్టర్ మీద ఆనించి వినండి, నాలుగూ ఒకేలా కొడుతుంటే వదిలెయ్యండి. మైలేజ్ కూడా కొంత సర్దుకోవచ్చు. లీక్ దగ్గర బయటి గాలి లోపలికి పోతే ఆక్సిజన్ సెన్సర్ తప్పు లెక్క చెప్తుంది, దాంతో ఇంజన్ అవసరం లేని పెట్రోల్ పోస్తుంది. చిక్కటి ఆయిల్ కూడా కొంత తినేసి ఉంటుంది.

పాత_మెకానిక్:

మంచి పని చేశారు బాబూ, డ్రిల్ వద్దనడం ఇంకా మంచి పని. చివరి స్టడ్‌లే ఎక్కువగా విరుగుతాయి, వేడికి మ్యానిఫోల్డ్ సాగేటప్పుడు రెండు కొసల దగ్గరే ఎక్కువ లాగుడు పడుతుంది.

ఒక్కటి మిగిలింది. కొత్త ప్యాకింగ్ నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక కొంచెం అణుగుతుంది. ఊరెళ్ళే ముందు మ్యానిఫోల్డ్ నట్లు అన్నీ ఒకసారి మళ్ళీ చూపించండి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, మధ్య నుంచి కొసలకి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయాలి, బండి నడుపుకుంటూ వెళ్ళి అప్పటికప్పుడు బిగించమంటే కుదరదు.

నిజాంపేట్_వాసి:

అర్థమైంది సార్. ఇప్పుడే బండి షెడ్డులో వదిలేసి ఆటోలో ఇంటికొచ్చాను. రాత్రంతా అక్కడే ఉంటుంది, పొద్దున ఏడింటికి నేను వెళ్ళేదాకా తాళం తిప్పొద్దని చెప్పాను.